బదులు మనిషి

నాకు కొత్తగా ఉద్యోగమిచ్చిన భువనేశ్వర్ కంపెనీ, పాత పని నుంచి వదిలినట్టు రిలీవింగ్ లెటర్ అడిగింది. మా బరంపురం బట్టల దుకాణంలో అది కంప్యూటరే ఇస్తుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. మన బదులు పనిచేసే మనిషి పేరు ఎంచుకుంటేనే ప్రింట్ బటన్ వెలుగుతుంది. యజమాని కూర్మారావుగారు పట్టుబట్టి అలా ముడిపెట్టించారు.

ఇన్నాళ్లూ కంప్యూటర్ పని జాబితాలో నా పేరొక్కటే ఉండేది.

“ఏటిరా, నువ్వు పెట్టిన బోనులో నువ్వే పడ్డావేటి?” నవ్వారాయన. “ఓపాలి తెరిచి సూడు.”

తెరిచాను. రెండో పేరు కనిపించింది. రోహిణి, నా చెల్లెలు.

“పొద్దున్నొచ్చి రాయించుకుంది. నీలాగే సదువు మానేస్తాదట. మా అన్నని ఎల్లనీండి బాబూ అంది.”

రోహిణి పేరు ఎంచుకున్నాను. బటన్ వెలిగింది.

లెటర్ ప్రింటు తీయలేదు. జాబితాలోంచి చెల్లి పేరు చెరిపేశాను. బటన్ దానంతటదే ఆరిపోయింది.