పసుపు పెట్టెలో రాసిన మాట

ఉదయం పదీ పదికి స్కానింగ్ ల్యాబులో దేవేంద్ర ఒక్క బటన్ నొక్కాడు.

నాలుగేళ్ళ స్కానింగ్ బొమ్మలు మాయమయ్యాయి. శ్రీకాకుళంలో సగంమంది కిడ్నీలు, మిగతా సగంమంది మోకాళ్ళు అందులోనే ఉన్నాయి.

"ఏటి సేసినావురా?" అంది కౌంటర్లో రేఖ.

"క్లౌడ్‌లో సోటు నిండిపోతందని పాత ఫోల్డర్ ఒకటి తీసీసినాను. అన్నీ అందులోనే ఉన్నాయని ఇప్పుడు తెలిసినాది."

బెంచీ మీద నారాయణమ్మ ఉంది. రేపు విశాఖలో ఆమెకి ఆపరేషన్. పాత స్కాన్ చూడందే కత్తి పట్టనని అక్కడి డాక్టరు చెప్పాడు.

"నా బొమ్మ దొరికిందా బాబూ?"

"దార్లో ఉన్నాది, వచ్చీస్తాది అమ్మా."

అబద్ధం చెప్పినందుకు దేవేంద్రకి చెమటలు పట్టాయి. పైగా ఏసీ పాడైంది.

అప్పుడే భుజాన సంచీతో ఒకాయన వచ్చాడు.

"మేడం గారున్నారా? నేను..."

"ఇప్పుడా రావడం? పొద్దున్నుంచి ఉడికిపోతన్నాం" అంది రేఖ. "అదిగో ఏసీ. అదిగో స్టూలు. ఎక్కు."

ఆయన ఏసీని చూశాడు. రేఖని చూశాడు. ఏసీయే నయమనుకున్నాడేమో, ఎక్కాడు.

దేవేంద్ర క్లౌడ్ కంపెనీ డాక్యుమెంటేషన్ తెరిచాడు. వెయ్యి పేజీలు. ఒక పేజీ ఇంకో పేజీకి పొమ్మంటుంది. అది సిటీ బస్సులా ఊరంతా తిప్పి, మళ్ళీ ఎక్కినచోటే దింపుతుంది.

"ముందే సదివుంటే ఈ గొడవుండునా?" అంది రేఖ.

"సదివినోడి గతేటయింది? నా ముందున్నోడు రోజంతా ఇదే సదువుతా కూకున్నాడని మేడం మూడు నెలలకే పంపీసినారంట గదా."

స్టూలు మీంచి దగ్గు వినిపించింది. ఫిల్టర్ దుమ్ము.

"ఏ పేజీలో ఉన్నావు బాబూ?"

"డిలీట్ పేజీలో."

"అందులో తీసెయ్యడమే ఉంటాది. వెర్షనింగ్ పేజీకెళ్ళు. పెద్దక్షరాలు సదవడం ఒగ్గీ. పసుపు పెట్టెలో సిన్నగా రాస్తారు సూడు, అసలు సంగతి అక్కడుంటాది."

పసుపు పెట్టెలో నిజంగానే ఉంది. వెర్షనింగ్ వేసి ఉంటే, తీసేసిన ఫైలు పోదు. దాని మీద 'తీసేశాం' అని ఒక గుర్తు పడుతుంది, అంతే. ఆ గుర్తు తీసేస్తే ఫైలు మళ్ళీ కనిపిస్తుంది.

"మాకు ఏసుందో లేదో!"

"సెట్టింగుల్లో సూడు."

వేసి ఉంది.

"ఎవులేసుంటారు?"

"ఎవడో పనీపాటా లేనోడు" అన్నాడాయన, ఏసీ మూత బిగిస్తూ.

దేవేంద్ర గుర్తులు తీశాడు. కిడ్నీలు వచ్చాయి. మోకాళ్ళు వచ్చాయి. నారాయణమ్మ వెన్నెముక కనబడగానే దేవేంద్ర దానికి దండం పెట్టాడు. ఏ దేవుడికీ అంత వంగి పెట్టి ఎరగడు.

"బతికించినావు నాయనా" అని నారాయణమ్మ బొమ్మ పట్టుకుని విశాఖ బస్సుకి పరుగెత్తింది. వెన్నెముక బాగాలేదన్న సంగతి కాసేపు మరిచిపోయింది.

ఏసీ చల్లగా వీచింది.

"మేడం ఇంకా రాలేదా? నాకు విజయనగరం బస్సు టైమైపోయింది. ఇది మేడంకి ఇవ్వండి." ఆయన మడిచిన కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు.

బిల్లనుకుని రేఖ దాన్ని స్టాప్లర్ కింద పెట్టింది.

పావుగంటకి ఇంకొకాయన వచ్చాడు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

"నేను అప్పలసూరిని అమ్మా. ఏసీ పాడయిందని ఫోన్ సేసినారు గదా, ఏది?"

రేఖ దేవేంద్ర వైపు చూసింది. దేవేంద్ర స్టూలు వైపు చూశాడు.

"మరి ఇందాకటాయన ఎవులు?"

రేఖ గబగబా కాగితం విప్పింది.

"మేడం గారికి నమస్కారం. నాలుగేళ్ళ కిందట మీ ల్యాబులో మూడు నెలలు కంప్యూటర్ ఆపరేటరుగా చేశాను. ఊరికే చదువుతూ కూర్చున్నానని మాత్రం రాయకుండా, నాకొక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పించగలరు. ఇట్లు, హరిచరణ్."