పెన్సిల్ గీత

గుర్‌గావ్ శివార్లలో కొన్న పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తూ, మల్లికార్జున పెరట్లోని చిన్న స్విమ్మింగ్ పూల్‌ని కూడా పగలగొట్టించి మళ్లీ కట్టించాడు. లీకేజీ చూడటానికి పాలమూరు మేస్త్రీ సాయంత్రం దాన్ని నింపి, నీటి అంచున గోడమీద పెన్సిల్‌తో గీత గీశాడు.

"పొద్దుగాల నీళ్లు గీత కిందికి దిగితే లీకున్నట్టే సాబ్. అప్పటిదాంక ఎవ్వర్నీ దిగనియ్యకుండ్రి," అని చెప్పి వెళ్లిపోయాడు.

చీకటి పడ్డాక మల్లికార్జున టార్చితో చూస్తే, గీత నీళ్లలో మునిగి ఉంది. వాన లేదు. మోటారు ఆపేసే ఉంది. అయినా, నిండు బకెట్లో చెయ్యి ముంచినట్టు, నీళ్లు వెంట్రుకవాసి పైకొచ్చాయి.

"అనసూయా, నీళ్లు పెరిగాయే!" అని కేకేశాడు.

"తగ్గితే కదండీ భయం! అన్నం చల్లారిపోతోంది, రండి," అంది భార్య వంటింట్లోంచి.

నిజమేననుకుని నవ్వుకున్నాడు. టార్చి ఆర్పబోతుంటే నీళ్లు మెల్లగా ఊగాయి. ఊగి, ఊగి, సరిగ్గా గీత దగ్గర ఆగాయి. లీకేజీ లేదు.

అతనింకా పూల్ గట్టుమీద ఉండగానే, వంటింటి తలుపు కిర్రుమంది.

"వచ్చారా? కాళ్లు తుడుచుకోండి, ఇల్లంతా తడి చేస్తున్నారు," అంది అనసూయ.