రక్తం చూడని బండి

డర్ట్ బైక్ నేర్చుకుంటానని మా మనవరాలు బిందు పట్టుబట్టింది. పాత బండి ఒకటి చూడ్డానికి ఆమదాలవలస బయలుదేరితే, ఎలాగైనా ఆపాలని నేనూ వెంట వెళ్లాను.

"టైర్లు అరగనేదు అమ్మమ్మా. నా కాళ్లు నేలకి అందుతన్నాయి కూడా," అంది బిందు.

నా భయం వేరు. ఎవరైనా పడి దెబ్బలు తగిలించుకున్న బండిని మా వైపు కొనరు. "ఇది రక్తం సూసిందేటి?" అని అమ్మే కుర్రాడి తల్లి తాయారును అడిగాను.

"రక్తమేటి వదినా, రోడ్డు మొగమే సూడనేదు. మా గుంటడు స్టార్ట్ సేస్తే సాలు, నానెల్లి ముందు సక్రానికి అడ్డంగా కూకునేదాన్ని. ఇసిగిపోయి అమ్మీస్తన్నాడు."

"నడుం పట్టెయ్యదా?"

"పీటేసుకుంటే ఏటీ అవదు."

"బిందూ, బండి బాగున్నాది. తీసీసుకో," అన్నాను.