కనీసం నలభై

“ఈ మాత్రల్లో మందు తక్కువుందమ్మా!”

పెద్దాయన నాలుగు మాత్రలు బల్ల మీద పెట్టాడు. మూర్ఛకు వాడేవి. ఆ మందుల కంపెనీలో తయారైనవే.

కంపెనీ ల్యాబ్‌లో మందులు పరీక్షించే అనలిస్టు కళ్లజోడు సర్దుకుంది. ఆ మాత్రల బ్యాచ్ బయటికి వెళ్లడానికి సంతకం పెట్టింది ఆమే.

“ఎవరికి వాడుతున్నారు?”

“నా కూతురికి. రోజూ తప్పకుండా వేస్తున్నా పడిపోతోంది. ఆస్పత్రిలో ఇవే ఇస్తున్నారు. మనిషికి రోజుకొక్కటి, లెక్కగా.”

ఆమె కంప్యూటర్ చూసింది.

“తొమ్మిది మాత్రలు పరీక్షించాం. నూరు మిల్లీగ్రాములు ఉండాలి, సగటు ఎనభై ఎనిమిది వచ్చింది. ఒక్కోటీ ఒక్కోలా ఉంది కాబట్టి ఆ తేడా కాకతాళీయంగానూ రావచ్చు. బ్యాచ్‌లో తక్కువుందని రుజువు కాలేదు.”

“రుజువు కాకపోతే, తక్కువ లేనట్టేనా తల్లీ?”

కాలేజీలో మొదటి ఏడాదే చెప్పే పాఠం అది. ఆమెకు కంఠతా వచ్చు. అందుకే ఒళ్లు మండింది.

“మా దగ్గర ఆ బ్యాచ్‌వి మిగల్లేదు. మీ నాలుగుతో ఏమీ తేలదు. కనీసం నలభై తెండి, చూద్దాం!”

వదిలించుకోవడానికి అన్న మాట. పెద్దాయన మాత్రం బుద్ధిగా తలూపి వెళ్లాడు.

ఆరు వారాలకు మళ్లీ వచ్చాడు. నుదుటికి కట్టు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

“ఏమైంది బాబాయ్ గారూ?”

“మెట్ల మీద పడ్డానమ్మా. ఇవిగో, నలభై. అన్నీ ఆ బ్యాచ్‌వే, రేకు కూడా విప్పలేదు. ఇవాళే చూస్తావా?”

“ఇవాళ ఊపిరాడని పని. వచ్చేవారం చూస్తాను.”

“అంతవరకూ ఆగలేం తల్లీ!” చేతులు జోడించాడు.

“అందరిదీ తొందరే,” అంటూ ఆమె ఆయనిచ్చిన మాత్రల సంచిని సొరుగులోకి తోసింది.

ఎనిమిదో రోజుకు గానీ తీరిక చిక్కలేదు.

సగటు మళ్లీ ఎనభై ఎనిమిదే! తొమ్మిదింటికి వస్తే కాకతాళీయం అనుకోవచ్చు. నలభైకీ అదే వస్తే ఇంకేమంటారు? బ్యాచ్‌లోనే మందు తక్కువ.

ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసి ఆ మాత్రలు ఆపించింది. మంచి బ్యాచ్‌వి ఒక డబ్బా తీసుకుని, సంచిలో చీటీ మీదున్న అడ్రసుకు పరుగెత్తింది.

కూతురే తలుపు తీసింది.

“నాన్నగారు ఉన్నారామ్మా?”

“మొన్న పోయారండీ. ఫిట్స్ వచ్చి, మళ్లీ లేవలేదు.”

అనలిస్టు డబ్బాను గడప మీద పెట్టి చేతులు జోడించింది. ఆయనకు ఫిట్స్ రావడమేమిటన్నది ఆ కంగారులో తోచనే లేదు.

“నన్ను క్షమించమ్మా! నలభై రోజులు నీ మాత్రలు ఆపుకుని, ఎంత నరకం పడ్డావో...”

“నావి ఒక్కటీ ఆపనివ్వలేదండీ,” అంది కూతురు. “ఈ జబ్బు నాకు ఆయన నుంచే వచ్చింది, ఆ నలభై రోజులూ మాత్ర మానేసింది నాన్నే.”