ఏడో తరం పేరు

ఆ కాలానికి పెళ్ళి కార్డు మీద ఏడు తరాల పేర్లు వేయించడం మామూలైపోయింది. పాత జనాభా లెక్కలూ, చర్చి రిజిస్టర్లూ, సైన్యం కాగితాలూ చదివేసిన యంత్రం ప్రతి ఇంట్లోనూ ఉండేది.

ఒంగోలులో సలోమి కూతురి పెళ్ళి కార్డు కోసం, చింతపండు పిసుకుతూనే యంత్రాన్ని అడిగింది. ఆరు పేర్లు చకచకా వచ్చాయి. ఏడోవాడు యేసుదాసు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి తిరిగొచ్చాడని ఆ ఇంటి గొప్ప.

"యేసుదాసు ఇరాక్‌లోని బస్రాలోనే చనిపోయారు. సైన్యం అక్కడే పూడ్చిపెట్టింది," అంది యంత్రం.

సలోమి చెయ్యి ఆగిపోయింది.

"అదేంది? యుద్ధం నుంచి వచ్చినాకే గదా ఆయనకి పిల్లలు పుట్టింది," అంది అత్తగారు కరుణమ్మ.

"వచ్చింది దానయ్య. సైన్యం నుంచి పారిపోయిన సిపాయి. యేసుదాసు భార్య మార్తను పెళ్ళి చేసుకున్నాడు. పాదిరిగారు రిజిస్టరులో అసలు పేరే రాశారు. జనాభా లెక్కలవాళ్ళకు మాత్రం పేటవాళ్ళు యేసుదాసు అనే చెప్పారు. అప్పటికి దానయ్య కోసం సైన్యం వెతుకుతోంది."

పారిపోయినవాడి వంశమా తమది, అనుకుంది కరుణమ్మ. అంతకన్నా, పేట పేటంతా తెలిసి కూడా ఒక్కరూ నోరు విప్పలేదా?

"ఎవరి పేరు వేయించమంటావు అత్తమ్మా?" అని సలోమి మెల్లగా అడిగింది.

"దానయ్యనే వెయ్యి," అంది కరుణమ్మ. "ఇప్పుడెవరొచ్చి పట్టుకపోతారు ఆయన్ని?"