అరుగు మీది ముత్తైదువ

పాతపేటను ఖాళీ చేయించి చాలా ఏళ్లయింది. ఇప్పుడక్కడ ప్రతి గుమ్మంలోనూ ఆనాటివాళ్ల వెలుగుబొమ్మలు ఉంటాయి. అవి నవ్వుతాయి, పలకరిస్తాయి, మంచినీళ్లు తాగి వెళ్లమంటాయి. శ్రావణ శుక్రవారం పూజ ముగించుకుని నేనూ, మా ఆవిడ హైమవతీ చూడటానికి వెళ్లాం.

తీరిగ్గా నడుస్తుంటే కంసాలి వీధి మలుపులో, అరుగు మీద, స్తంభానికి ఆనుకుని ఒక ముసలామె కనిపించింది.

"కాసిన్ని మంచినీళ్లు ఇప్పించు తల్లీ," అంది.

"గొంతు ఎంత బాగా కుదిరిందండీ. నిజంగా ఎండిపోయినట్టే ఉంది," అంది హైమవతి.

"మిగతా బొమ్మలన్నీ నీళ్లిస్తామంటుంటే ఇది మననే అడుగుతోందేమే," అన్నాను. నవ్వుకుని ముందుకు సాగాం.

తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"బొమ్మైతే మాత్రమేం, ముత్తైదువ," అంటూ హైమవతి కుంకుమ పొట్లం విప్పింది. వెలుగుబొమ్మలకు పెట్టిన బొట్టు వాటిలోంచి జారి నేల మీదికి రాలిపోతుంది. వీధి పొడవునా అలా రాలిన కుంకుమే. ఈమె నుదుటి మీద మాత్రం నిలిచింది.

"ఏవండీ, చల్లగా ఉంది," అంది హైమవతి, చెయ్యి తీయకుండానే.

వదిలిన ఇళ్లకు ముసలివాళ్లు దొంగచాటుగా తిరిగొస్తారని విన్నాం కానీ నమ్మలేదు. ఆ ఉదయమే శివలింగం మీద చెంబెడు నీళ్లు పోసి వచ్చాను. ఆయన అడగలేదు. ఈమె అడిగింది.

మా వెనక అప్పుడే వరుస కట్టారు.

"దీనికి బొట్టు నిలుస్తోందే! కాస్త జరుగమ్మా, మేమూ పెడతాం," అంది ఎవరో ఒకావిడ.