మూడు వేళ్ళు

“మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టండి,” అంది డాక్టరమ్మ. లారీ డ్రైవరుకు రెండు కూడా పట్టలేదు.

“బండి మీద నిద్ర రాకుండా వక్కా పొగాకూ నములుతున్నారు కదూ? అందుకే దవడ బిగిసింది. మానకపోతే క్యాన్సరే.”

పక్కనున్న భార్య గతుక్కుమంది. “ఆర్నెల్లుగా ఈయన అరవడం లేదండీ. చప్పిడి కూర పెట్టినా తింటున్నారు. మనిషి మారాడని మురిసిపోయాను!”

“నోర్ముయ్యి” అనబోయాడతను. గొణుగుడే వచ్చింది.

“రోజుకు పదిసార్లు నోరు బాగా తెరిచే వ్యాయామం చెయ్యాలి,” అంది డాక్టరమ్మ.

భార్య అతని జేబులోని పొట్లాలన్నీ చెత్తబుట్టలో పడేసింది. కళ్ళు తుడుచుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

“పొద్దున కూరలో ఉప్పెక్కువేశాను. మీ చొక్కా ఉతకలేదు. ఊఁ, నోరారా తిట్టండి.”